ఒక్కరే తయారుచేసే వెల్‌నెస్ యాప్‌కు సర్వర్ దేనికి?

నీళ్లు తాగమని గుర్తుచేసేవి, ధ్యానం చేయించేవి, నిద్రనూ మూడ్‌నూ రాసిపెట్టుకునేవి... ఒంటరి డెవలపర్లు తెచ్చే వెల్‌నెస్ యాప్‌లకు కొదవ లేదు. పని మొదలైన రోజే వాటికి లాగిన్, సమాచారాన్ని ఎక్కడో ఉన్న సర్వర్‌లో దాచే క్లౌడ్ డేటాబేస్, వాడకాన్ని లెక్కగట్టే అనలిటిక్స్ ఎస్‌డీకేలు (రెడీమేడ్ కోడ్ పొట్లాలు) వచ్చి చేరతాయి. ట్యుటోరియళ్లు నేర్పేదే అలా మరి. ఒక్క మనిషి నడిపే యాప్‌కు మాత్రం అది తలకు మించిన బరువు. కనీసం మొదటి వెర్షన్‌లోనైనా డేటా ఫోన్ దాటి బయటికి పోకూడదు.

చట్టం సంగతే చూడండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వస్తాయి. భద్రత విషయంలో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. 18 ఏళ్లు నిండనివారైతే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలుండాలి. అమెరికాలో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అందించే బెటర్‌హెల్ప్ సంస్థ తన వినియోగదారుల సమాచారాన్ని ప్రకటనల కోసం పంచుకుందన్న ఆరోపణపై 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. దానికైతే లాయర్లున్నారు, ఒంటరి డెవలపర్‌కు ఎవరుంటారు? డేటా మీ దగ్గరికే రాకపోతే ఈ బాధ్యతల్లో చాలావాటి ఊసే ఉండదు.

అలాగని ఫోన్‌లో దాస్తే అన్నీ సజావుగా సాగుతాయని కాదు. డేటాబేస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి (చదవలేని రూపంలోకి మార్చి), దాన్ని తెరిచే తాళంచెవిని ఫోన్‌లోని భద్రమైన అర అయిన ఆండ్రాయిడ్ కీస్టోర్‌లో పెడతారు. యాప్ డేటా 25 ఎంబీ వరకు ఆటో బ్యాకప్‌లో గూగుల్ డ్రైవ్‌కు వెళ్తుంది. కీస్టోర్‌లోని తాళంచెవి వెళ్లదు. కొత్త ఫోన్‌లో డేటాబేస్ వచ్చి కూర్చుంటుంది కానీ తెరిచే దిక్కుండదు; యాప్ మొదటిసారి తెరవగానే క్రాష్. ఆ డేటాబేస్ ఫైలును బ్యాకప్‌లోకి వెళ్లకుండా మినహాయించి, వినియోగదారుడే పాస్‌వర్డ్ పెట్టుకుని ఎక్స్‌పోర్ట్ చేసుకునే దారి ఇవ్వాలి. పరీక్షించడం తేలికే: బ్యాకప్ జరిగాక యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లోపం బయటపడుతుంది.

అసలు తలనొప్పి రిమైండర్లతో. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు అనుమతి అడగాలి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకునే యాప్‌లకు కచ్చితమైన సమయానికి మోగే అలారం అనుమతి మామూలుగా రాదు. నీళ్లు తాగమని చెప్పడానికి అయిదు పది నిమిషాలు అటూ ఇటూ అయినా కొంప మునగదు కాబట్టి, కొంత వ్యవధి ఇచ్చే అలారం వాడటమే మేలు. ఫోన్ రీస్టార్ట్ అయితే పెట్టిన అలారాలన్నీ పోతాయి. బూట్ పూర్తయిన సంకేతం అందుకుని మళ్లీ పెట్టాలి. ఇంతా చేశాక షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో బ్యాటరీ పొదుపు పేరిట యాప్‌ను సిస్టమే ఆపేయొచ్చు. యాప్ తనంతట తాను మొదలయ్యేందుకు వీలిచ్చే ఆటోస్టార్ట్ సెట్టింగ్ ఎక్కడుందో బొమ్మలతో చూపించే ఒక పేజీ పెట్టకపోతే ‘రిమైండర్ రావట్లేదు’ అంటూ ఒక్క స్టార్ రివ్యూలు తప్పవు. ఐఫోన్‌లో చిక్కు వేరు. ముందుగా పెట్టిన లోకల్ నోటిఫికేషన్లను ఒక యాప్‌కు 64కు మించి ఉంచదు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా రెండు గంటలకోసారి అంటే రోజుకు 7. విడివిడిగా పెట్టుకుంటూ పోతే పదో రోజుకు అయిపోతాయి. రోజూ తిరిగివచ్చే ఏడింటిని పెడితే ఏడుతోనే సరి.

అడుగుల లెక్కను, ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఆరోగ్య డేటాను పంచుకునే హెల్త్ కనెక్ట్ నుంచి తెస్తే, ఫోనూ వాచీ రెండూ రాసిన రికార్డులను మీరే కూడొద్దు, నడక రెట్టింపవుతుంది. రెండుసార్లు పడ్డవాటిని తీసేసి మొత్తం చెప్పే అగ్రిగేట్ ఫంక్షన్ దానికే ఉంది, దాన్నే వాడండి. ఐఫోన్‌లో హెల్త్ డేటా చదివే అనుమతి నిరాకరిస్తే ఆ సంగతి యాప్‌కు తెలియదు, డేటా లేనట్టే కనిపిస్తుంది. అందుకే ‘ఈరోజు 0 అడుగులు’ అని మందలించే తెరలు మానుకోవాలి.

మానకుండా చేసిన వరుస రోజుల లెక్కను (స్ట్రీక్) ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ తేదీతో కడితే, మన దగ్గర పొద్దున 5:30కి గానీ తేదీ మారదు. బ్రహ్మముహూర్తంలో ధ్యానం చేసినవారి ఖాతా నిన్నటి రోజులో పడుతుంది! సమయంతో పాటు అప్పటి స్థానిక తేదీని కూడా విడిగా దాచాలి. డల్లాస్ నుంచి హైదరాబాద్ వచ్చినవారి వరుస తెగకుండా ప్రయాణం రోజు ఒక్క రోజు సడలింపు ఇవ్వడం న్యాయం.

డబ్బు విషయం. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే, విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. సర్వర్ లేకపోతే నెలవారీ బిల్లూ ఉండదు, కాబట్టి సబ్‌స్క్రిప్షన్ వెంట పడకుండా ఒకేసారి కొనుక్కునే ధర పెట్టొచ్చు. ప్లేలో కొనుగోలును యాప్ మూడు రోజుల్లోగా అక్నాలెడ్జ్ చేయకపోతే (అందిందని గూగుల్‌కు చెప్పకపోతే) డబ్బు దానంతటదే వాపసు పోతుంది. ఇది యాప్ లోంచే చేయొచ్చు, సర్వర్ అక్కర్లేదు.

స్టోర్ వివరణలో ‘డిప్రెషన్ తగ్గిస్తుంది’ లాంటి మాటలు రాయొద్దు. రోగ నిర్ధారణకో చికిత్సకో ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాల నిర్వచనంలోకి వస్తుంది. మూడ్ రాసుకునే యాప్ అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఒక తెరపై ఎప్పుడూ ఉండాలి. నొక్కగానే డయలర్‌లో నంబరు సిద్ధంగా కనిపిస్తే చాలు. అందుకు కాల్ అనుమతి అడగనక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.