జానపదం చెడేది డీజే దగ్గర కాదు, క్లిక్ ట్రాక్ దగ్గర

పెండ్లి బరాత్‌లో డీజే పెట్టెలు మోగినప్పుడల్లా మన జానపదం పాడైపోయిందన్న మాట నల్లగొండలోనూ పాలమూరులోనూ వినబడుతుంది. కలగలుపే తప్పన్నట్టు సాగే వాదన ఇది. అయితే ఇక్కడి పాట ఏనాడు కలగలుపు లేకుండా ఉంది? మనదే అనుకుని ఎగిరే తీన్మార్ హైదరాబాద్ మర్ఫా అనే వాద్యమేళం నుంచి వచ్చింది. ఆ మర్ఫాను తెచ్చింది నిజాం కొలువులో చేరిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు. కవి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాటం కోసం గొల్లసుద్దులు, పిట్టలదొర, బుర్రకథలను వాడుకున్నారు. పాత రూపంలో కొత్త మాట పెట్టడం మనవాళ్లకు ఎప్పుడో తెలుసు.

నష్టం జరిగేది రికార్డింగు గదిలో. యూట్యూబ్ ఫోక్ పాటలు తయారయ్యే చిన్న స్టూడియోల్లో ముందుగా కీబోర్డు మీద వేగం ఒక అంకెకు కట్టేస్తారు, ఆ వేగంతో చెవిలో మోగే టిక్ టిక్ (క్లిక్ ట్రాక్) వింటూ గాయని పాడుతుంది. బతుకమ్మ పాట వేగాన్ని నిర్ణయించేవి చప్పట్లు, అడుగులు. మెల్లగా మొదలై తెలియకుండానే అందుకుంటుంది. ముందు పాడే ఆమె చివరి అక్షరం ఇంకా సాగుతుండగానే వెనుకవాళ్లు 'ఉయ్యాలో' అంటూ పైకొస్తారు. తర్వాతి చరణం గుర్తు తెచ్చుకోవడానికి, ఊపిరి తీసుకోవడానికి ఆమెకు దొరికే సందు అదే. స్టూడియోలో ఒకే గొంతును నాలుగుసార్లు పాడించి వంతగా అతికిస్తే అన్నీ ఒకేచోట మొదలై ఒకేచోట ఆగుతాయి. పాట శుభ్రంగా ఉంటుంది, గుంపు మాత్రం ఉండదు. ముందు చప్పట్లతో ఒక గైడ్ (నమూనా పాట) పాడించి, ఆ వేగం ప్రకారమే క్లిక్‌ను పెంచుతూ తగ్గిస్తూ పోవచ్చు. వంతకు ముగ్గురు నలుగురిని ఒకే మైకు చుట్టూ నిలబెట్టాలి. కాస్త పని ఎక్కువ, అంతే.

డప్పు సంగతి ఇంకా కష్టం. చెక్క చట్రానికి చింతగింజల బంకతో అంటించిన తోలు అది. మంటకు కాగితేనే బిగుస్తుంది, తేమ తగిలితే సడలుతుంది. ఏసీ గదిలో మంట పెట్టే వీలు లేదు. రెండో టేకుకే శబ్దం దిగిపోతుంది. అప్పుడు ఇంజనీరు విసుగొచ్చి ప్యాడ్ మీది డప్పు శాంపిల్ (ముందే రికార్డు చేసిన దెబ్బ) నొక్కుతాడు. కుడిచేతి సిర్ర దెబ్బకూ ఎడమచేతి చిటికెన పుల్ల దెబ్బకూ ఉన్న తేడా అక్కడితో పోతుంది. శాంపిల్‌లో ప్రతి దెబ్బా ఒకే బలంతో పడుతుంది. పెండ్లికి, చావుకు, జాతరకు వేర్వేరుగా ఉండే దరువులు అన్నీ తిరిగి తిరిగి మోగే ఒకే తీన్మార్ ముక్కలోకి (లూపు) ఒరిగిపోతాయి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర మీద పాట కట్టి, అందులో అక్కడ మోగే భేరీల చప్పుడే లేకుండా వదలడం ఇలాగే జరుగుతుంది. విరుగుడు పెద్దదేం కాదు: బయట ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకోవాలి, రెండు డప్పులు ఉంచుకుని మార్చి మార్చి కాచాలి. ఒక మైకు ముందు అడుగున్నర దూరంలో, ఇంకొకటి వెనుక పెట్టాలి. వెనుక మైకు ఫేజు తిప్పడం (దాని ధ్వని తరంగాన్ని తలకిందులు చేయడం) మరిస్తే గుమ్మనే శబ్దమంతా పలచబడుతుంది.

తీగ వాయిద్యం కిన్నెరది శ్రుతి సమస్య. వెదురు దండె, సొరకాయ బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. వాయించేవారు తమ గొంతుకు సరిపోయేలా మెట్లు సర్దుకుంటారు. అది కీబోర్డు శ్రుతికి 20, 30 సెంట్లు అటోఇటో ఉంటే (అర్ధస్వరానికి 100 సెంట్లు) చాలామంది కిన్నెరనే ఆటోట్యూన్‌తో (శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) లాగుతారు. దాంతో తీగ మీది జారు విరిగి, బొమ్మ కీచుమన్నట్టు వినిపిస్తుంది. లాగాల్సింది కీబోర్డును. కీబోర్డు మొత్తం శ్రుతిని జరిపే మాస్టర్ ట్యూన్ అన్న సెట్టింగ్ ఉండేది అందుకే. 2021లో కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు సినిమా పాటలో వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 12 మెట్ల కిన్నెర మీద పాడే పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ మాత్రం నాలుగు నిమిషాల వీడియోలో ఇమిడేది కాదు. పల్లవి, రెండు చరణాలకు కోస్తే కథ సగంలో తెగుతుంది. నిడివి పెంచితే జనం చూడరన్న భయంలో కొంత నిజముంది. అలాంటప్పుడు భాగాలుగా వదలొచ్చు, కథ అయితే పోదు.

ఇక హక్కులు. వీడియో కింద 'సేకరణ' అని ఒక పేరు రాసుకుంటే పాట సొంతం కాదు. కవి పోయాక 60 ఏళ్లదాకా సాహిత్యానికి హక్కు ఉంటుంది. హనుమంతు 1982లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన పాటలకు 2042 చివరిదాకా అది వర్తిస్తుంది. 2012 కాపీరైట్ చట్ట సవరణ తర్వాత గాయకులకు కూడా రాయల్టీలో వాటా అడిగే దారి ఉంది. ఒకసారి చేతిలో డబ్బు పెట్టి పంపేసే అలవాటు వల్ల అది అడిగేవారే లేరు. పాడేముందే ఒక కాగితం మీద పేరు, ఊరు, ఏ పాట, వాటా ఎంత, వంత పాడినవాళ్లెవరు అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది.