ఆరు దాకా లెక్కపెట్టలేని ఆట

మా బరంపురంలో ఆదివారం క్రికెట్ చూడడమంటే, ఇంకా ఎన్ని బంతులు మిగిలాయని బ్యాటరు గట్టు మీద కూర్చున్న వారిని ప్రతి ఓవరులోనూ అడుగుతుంటే వినడమే. లెక్క తన పని కాదని, స్కోరరుదని సమర్థించుకుంటాడు. ఆ లెక్కే తప్పితే ఏమవుతుందో 2003 ప్రపంచకప్‌లో, వాన ముంచుకొచ్చిన డర్బన్‌లో చూశాం. అప్పుడే సిక్సరు కొట్టిన దక్షిణాఫ్రికా బ్యాటరు బౌచర్, తమకు అందిన డక్‌వర్త్ లూయిస్ స్కోరు (వానతో ఆట ఆగిపోతే ఫలితం తేల్చే లెక్క) గెలుపునకు సరిపోతుందనుకొని తర్వాతి బంతిని నిమ్మళంగా ఆపాడు. అది సమానానికే సరిపోవడంతో ఆతిథ్య దక్షిణాఫ్రికా నిష్క్రమించింది. అక్కడైనా లెక్క చిక్కుది, ఒప్పుకుంటాను. బేస్‌బాల్‌లో మూడు అవుట్లయితే జట్టు బ్యాటింగ్ వంతు ముగుస్తుంది, లెక్కపెట్టాల్సింది ఆ మూడే కదా! 2009లో చికాగో కబ్స్ ఆటగాడు మిల్టన్ బ్రాడ్లీ రెండో అవుట్‌ను మూడోదనుకొని, పట్టిన బంతిని ప్రేక్షకులలోకి విసిరేశాడు. దానికీ కోచ్ కేక వేయాలా? మా కుర్రవాళ్లకు స్కోరుబోర్డు లేదన్నది నిజమే గాని, అంపైరు గులకరాళ్లతోనే లెక్క తప్పకుండా నెట్టుకొస్తున్నాడు.