ద్రవీకృత సంపదకు ఒక అభినందన పత్రం

సహజవాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అది ద్రవంగా మారి, తన పరిమాణంలో సుమారు ఆరువందల్లో ఒక వంతుకు కుదించుకుపోతుంది. ఇంతటి ఘనకార్యానికి వేల కోట్ల డాలర్ల యంత్రాలు కావాలి. ఆ యంత్రాల యజమానుల షేర్లు మాత్రం ఏ శీతలీకరణా అవసరం లేకుండా, గది ఉష్ణోగ్రత వద్దనే, మదుపరి సొమ్మును దాదాపు అదే నిష్పత్తిలో కుదించగలవు. ఈ సాంకేతిక విజయానికి దక్కవలసిన గౌరవం దక్కలేదు కనుక, ఆ లోటును పూడ్చే బాధ్యతను ఈ వ్యాసం స్వీకరిస్తోంది.

ముందుగా, కాలం విషయంలో ఈ రంగం పాటించే క్రమశిక్షణను మెచ్చుకోవాలి. ద్రవీకరణ కర్మాగారం కట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కట్టాలన్న బుద్ధి మాత్రం ధర ఆకాశాన్నంటిన రోజునే పుడుతుంది, అదీ అందరికీ ఒకేసారి పుడుతుంది. ఆస్ట్రేలియాలోని గోర్గాన్ ప్రాజెక్టుకు 2009లో వేసిన అంచనా 3,700 కోట్ల డాలర్లు కాగా, లెక్క తేలేసరికి అది 5,400 కోట్లయింది. 2014 ఆరంభంలో పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు 20 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ఆసియా స్పాట్ ధర (దీర్ఘకాలిక ఒప్పందం లేకుండా అప్పటికప్పుడు అమ్మే ధర), గోర్గాన్ తొలి నౌక రేవు దాటిన 2016 మార్చి నాటికి అందులో మూడో వంతు కూడా లేదు. ఆ వెంటనే యంత్రం చెడి ఉత్పత్తి ఆగిపోయింది. గిట్టుబాటు కాని సరుకును తొందరపడి తయారు చేయరాదన్న విజ్ఞత కనీసం యంత్రాలకైనా ఉన్నందుకు వాటాదారులు సంతోషించి ఉండాలి.

అదే ఆసియా ధర 2020లో 2 డాలర్ల కిందికి పడి, 2022లో 70 డాలర్లు దాటింది. ఇందులో ఏ అంకెను నమ్మి రాబోయే ఇరవై ఏళ్ల ఆదాయాన్ని లెక్కగట్టాలన్న ప్రశ్నకు, మదుపరుల కోసం రూపొందించే ప్రదర్శనలు ఎంతో మర్యాదగా జవాబిస్తాయి. నీలి సముద్రం మీద తెల్లని నౌక ఉన్న బొమ్మ ఒకటి, ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోయే గీత ఒకటి, చిట్టచివరి పేజీలో భూతద్దంతో చదవవలసిన అక్షరాల్లో పైన చెప్పినవేవీ జరగకపోవచ్చన్న హెచ్చరిక ఒకటి.

ఇక దూరదృష్టి సంగతి. షెనియర్ సంస్థ 2008లో లూసియానాలోని సబీన్ పాస్ వద్ద విదేశీ వాయువును దిగుమతి చేసుకోవడానికి రేవు సిద్ధం చేసింది. సరిగ్గా అప్పుడే షేల్ వాయువు (రాతి పొరల్లోంచి వెలికితీసే సహజవాయువు) వెల్లువెత్తి అమెరికాకు దిగుమతుల అవసరమే లేకుండా చేసింది. ట్యాంకులున్నాయి, రేవుంది, వీటన్నిటికంటే శాశ్వతమైన అప్పులూ ఉన్నాయి కనుక, ప్రవాహపు దిశను తిప్పి 2016 ఫిబ్రవరిలో ఎగుమతులు ప్రారంభించారు. ఓపిక పట్టినవారికి ఆ షేరు బాగానే లాభించిందని ఒప్పుకోవాలి. ఈ రంగాన్ని నమ్మమని చెప్పే ప్రతివారూ చూపించే ఉదాహరణ కూడా అదే. ఆ సంస్థను స్థాపించిన షరీఫ్ సూకీని తొలి ఎగుమతి నౌక కదలడానికి రెండు నెలల ముందే పదవి నుంచి దించిన సంగతి మాత్రం సాధారణంగా ఆ ఉదాహరణలో ఉండదు. ఆయన 2016లో టెల్యూరియన్ అనే మరో సంస్థను నెలకొల్పి, అది కట్టదలచిన డ్రిఫ్ట్‌వుడ్ ద్రవీకరణ కర్మాగారం గురించి యూట్యూబ్ వీడియోల ద్వారా చిన్న మదుపరులకు ఏళ్ల తరబడి వివరించారు. 2023 డిసెంబరులో అక్కడా పదవి పోయింది, మరుసటి ఏడాది వుడ్‌సైడ్ సంస్థ షేరుకు ఒక్క డాలరు చొప్పున మొత్తం కొనేసింది. 2025లో ఆ కర్మాగారాన్ని కట్టాలని నిర్ణయం కూడా జరిగింది. కనుక వీడియోలు నమ్మినవారి అంచనా తప్పలేదు, కర్మాగారం వస్తోంది. వారి షేర్లే లేవు.

ఒప్పందాల పవిత్రతను గురించి ఎంత చెప్పినా తక్కువే. 2020లో కొనుగోలుదారులు అమెరికా నుంచి రావలసిన వందకు పైగా కార్గోలను (నౌకల సరుకును) రద్దు చేసుకుని, ఎక్కించని సరుకుకు కూడా రుసుము చెల్లించారు. అమ్మేవారి వైపు ఈ నిష్ఠ మరింత సూక్ష్మంగా ఉంటుంది. వెంచర్ గ్లోబల్ సంస్థ లూసియానాలోని తన కాల్కసూ పాస్ కర్మాగారం నుంచి తొలి కార్గోను 2022 మార్చిలో పంపింది. కర్మాగారం ఇంకా పరీక్షల దశలోనే ఉందని, వాణిజ్య ఉత్పత్తి మొదలుకాలేదు కనుక దీర్ఘకాలిక కొనుగోలుదారులకు సరఫరా బాధ్యత ఇంకా రాలేదని చెబుతూ, 2025 ఏప్రిల్ దాకా పరీక్షిస్తూనే ఉంది. ఆ పరీక్షల్లో వెలువడిన 400కు పైగా కార్గోలను, ఉక్రెయిన్ యుద్ధం వల్ల ధరలు మండుతున్న మార్కెట్‌లో అమ్మింది. ఇంత క్షుణ్ణంగా పరీక్షించిన వాయువు చరిత్రలో మరొకటి ఉండదు. తమ సరుకు తమకు ఇవ్వలేదని దీర్ఘకాలిక కొనుగోలుదారులు వివాదానికి దిగారు. అందులో షెల్ వాదన చెల్లదని 2025 ఆగస్టులో ఒక మధ్యవర్తిత్వ మండలి తేల్చగా, బీపీ వాదన చెల్లుతుందని అక్టోబరులో మరొకటి తేల్చింది. ఈలోగా షేరుకు 40 నుంచి 46 డాలర్లు ఆశించిన సంస్థ, 2025 జనవరిలో 25కే పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. అప్పుడు కొన్నవారి సొమ్ములో సగానికి పైగా రెండు నెలల్లోనే ఆవిరైంది. నౌకల్లోని ద్రవం రోజుకు వెయ్యోవంతు ఆవిరైతేనే ఇంజనీర్లు కలవరపడతారు. వారికి షేర్ల సంగతి తెలియకపోవడం మంచిదైంది.

చివరగా నైతిక సంతృప్తి. ఇది బొగ్గు నుంచి స్వచ్ఛ ఇంధనానికి దాటించే వంతెన అని మదుపరికి హామీ ఇస్తారు. దారిలో లీకయ్యే మీథేన్ ఇరవై ఏళ్ల వ్యవధిలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడెక్కిస్తుందన్నది వంతెన నాణ్యతకు సంబంధించిన చిన్న వివరం. 2022 నవంబరులో ఖతార్, చైనా సంస్థ సైనోపెక్ 27 ఏళ్ల సరఫరాకు సంతకాలు చేశాయి. 2024 ఫిబ్రవరిలో ఖతార్ తన వార్షిక సామర్థ్యాన్ని 7.7 కోట్ల టన్నుల నుంచి 2030 నాటికి 14.2 కోట్లకు పెంచుతానని ప్రకటించింది. వంతెన అవతలి ఒడ్డు ఎక్కడుందని వార్షిక సమావేశంలో ఏ వాటాదారైనా లేచి అడిగితే, మరో రెండు ట్రెయిన్ల (ద్రవీకరణ యంత్రశ్రేణుల) నిర్మాణానికి బోర్డు ఆమోదం తెలిపిందని అధ్యక్షులవారు సవినయంగా సెలవిచ్చి తరువాతి ప్రశ్నకు వెళ్తారు.