ఎర్ర బటన్ గారికి, టేకు 31 విషయమై

మహారాజశ్రీ రికార్డింగు ఎర్ర బటన్ గారి సముఖమునకు,

నల్లగొండ నుంచి తమ విధేయుడు, వారానికి ఆరు రోజులు రైసు మిల్లు గుమాస్తా, ఏడో రోజు గిటారిస్టు, నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా నా ఫోన్ తెర అడుగున గుండ్రంగా, ఎర్రగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉన్నారని రోజూ చూసి సంతోషిస్తున్నాను.

మొన్న ఆదివారం సంగతి తమకు ఒకసారి గుర్తు చేద్దామని ఈ ఉత్తరం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళకు గడియారం సెంటర్‌లో మనిషన్నవాడు కనపడడు, కుక్క కూడా గోడ నీడ వదలదు. నేను మాత్రం కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి, కూలర్ ఆపి, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, జారకుండా ముందు కందిపప్పు ప్యాకెట్ అడ్డం పెట్టి కూర్చున్నాను. వాయించాల్సింది ఒక్క నిమిషం బిట్. నిమిషం బిట్‌కు ఒక మధ్యాహ్నం చాలదా అనుకున్నాను.

తమరిని నొక్కకముందు ఒకసారి వాయించి చూసుకున్నాను. ఇవి నా వేళ్ళేనా అనిపించింది. తరువాత తమరిని నొక్కాను. పరీక్ష హాల్లోకి స్క్వాడ్ వచ్చినట్టు పదికి పది వేళ్ళూ బిగుసుకుపోయాయి.

నాలుగో టేకులో కుక్కర్ కూసింది. తొమ్మిదిలో మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లింది. పదమూడులో మా అమ్మ తలుపు అవతలి నుంచి "ఏందిరా, పొద్దుగాల్నుంచి అదే పాట, ఇంకోటి రాదా నీకు?" అంది. ఆ టేకు మొత్తానికి అదొక్కటే స్పష్టంగా రికార్డయింది. పదిహేడులో పాత సామాన్ల ఆటో వచ్చింది. "పాత ఇనుప సామాన్లు కొంటాం, పాత ప్లాస్టిక్ సామాన్లు కొంటాం, చిక్కు ఎంటికలు కొంటాం." ఆ గొంతు ఎవరిదో గానీ మహానుభావుడు. ఒక్కసారి రికార్డు చేసి ఉంటాడు, ఊరు ఊరంతా ఎండా వానా లేకుండా వింటోంది. లైకు అడగడు, సబ్‌స్క్రైబ్ అడగడు.

ఇవన్నీ సహించాను. ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) దగ్గర పోయిన టేకుల లెక్క వేరే. గిటారు పట్టినవాళ్ళకు ఎఫ్ గురించి చెప్పక్కర్లేదు, పట్టనివాళ్ళకు చెప్పినా నమ్మరు. చూపుడు వేలు ఒక్కటే అడ్డంగా పడుకుని గిటారు మెడ మీది మొదటి గడిలో, అంటే మొదటి ఫ్రెట్ మీద, ఆరు తీగలనూ అదమాలి. దాని పక్కన మిగతా మూడు వేళ్ళూ తలా ఒక తీగ పట్టుకోవాలి. ఈలోగా రెండో తీగ సరిగ్గా చూపుడు వేలి కణుపు గీతలోకి వచ్చి దాక్కుంటుంది. ఎంత అదిమినా 'టప్' అంటుంది తప్ప మోగదు. మన చూపుడు వేలు నిటారుగా ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంటాం కదా, ఉండదు. ఎఫ్ పట్టినప్పుడే తెలుస్తుంది, దాని నిండా గుంటలే. దానికి తోడు చెమట.

నా బిట్‌లో ఈ ఎఫ్ ముప్పై ఎనిమిదో సెకనులో వస్తుంది.

అయ్యా, ఇప్పుడు టేకు 31.

మొదటి లైన్‌లోనే ఏదో తేడా తెలిసింది. వేళ్ళు నన్ను అడగడం మానేశాయి. రెండో లైన్, మూడో లైన్. ఎఫ్ వచ్చింది. ఆరు తీగలూ మోగాయి. ఆరూ! ఆ రెండో తీగతో సహా. నేను గిటారు పట్టిన ఏడేళ్ళలో ఆ పాటలో ఆ చోట ఆరూ మోగడం అదే మొదలు. చివరి కార్డ్ కొట్టి, తీగల మోత పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి, నవ్వుతూ తలెత్తాను. తమరు లేరు. తమరి చోట తెల్ల పెట్టె ఒకటి, అందులో స్టోరేజ్ నిండిపోయిందని రెండు ముక్కలు. రికార్డింగు ముప్పై అయిదో సెకనులోనే ఆగిపోయింది. ఎఫ్‌కు సరిగ్గా మూడు సెకన్ల ముందు.

దేనితో నిండింది? ఒకటి నుంచి ముప్పై దాకా నేను పాడుచేసిన టేకులతో.

తలుపు తీసి పరుగెత్తాను. "అమ్మా, ఇప్పుడు వాయించింది విన్నవా? ఎఫ్ విన్నవా?"

"ఏది? అదే గదరా," అంది, మామిడికాయ ముక్కలు కోస్తూ.

ఇంతసేపూ నిన్ను తమరు, అయ్యా అన్నది నా బుద్ధి తక్కువ. ఒరే, చోటు లేదన్న సంగతి నొక్కినప్పుడే చెప్పడానికి నీకేం రోగం? 1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్ళు గాయని గౌహర్ జాన్‌ను రికార్డు చేసినప్పుడు ఒక పలక మీద పట్టేది మూడు నిమిషాలే. కానీ ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. ఉన్న చోటులోనే పాట ముగించి, చివర్లో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని పేరు కూడా చెప్పుకుని మరీ వెళ్ళింది. వందేళ్ళు దాటినా ఆ గొంతు వినిపిస్తోంది. నా చేతిలో నూట ఇరవై ఎనిమిది జీబీ పెట్టి, మూడు సెకన్లు తక్కువ ఇచ్చావు నువ్వు. మిల్లులో ఒక బస్తా తూకం తగ్గితే నన్ను నిలబెట్టి అడుగుతారు. నిన్ను అడిగేవాడు లేడు.

తరువాతి గంట ఇంకా ఘోరం. చోటు కోసం ముప్పై టేకులూ చెరపాలి, చెరిపే ముందు ఏది పనికొస్తుందోనని ఒక్కొక్కటీ చూడాలి. ఎఫ్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ నేను నాలుక బయటపెడుతున్నానని ఏడేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

ఇతర ఫిర్యాదులు కూడా పనిలో పనిగా రాసుకో. గిటారు అడ్డం, నీ రీలు నిలువు. తల ఫ్రేములోకి వస్తే గిటారు మెడ పోతుంది, మెడ వస్తే నేను పోతాను. ఆరో తీగ 82 హెర్ట్జ్‌లో, అంటే బాగా మంద్రంగా మోగుతుంది, జనం వినే ఫోన్ స్పీకర్లలో అది దాదాపు వినపడనే వినపడదు. నా బొటనవేలి కష్టం మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. ఇక నాయిస్ తగ్గింపు అని ఒకటి పెట్టుకున్నావు చూడు. మనిషి గొంతు ఒక్కటే దానికి శబ్దం, సాగుతూ మోగే తీగ అంటే ఫ్యాన్ చప్పుడుకు చుట్టం అనుకుని దాని పీక నొక్కేస్తుంది. ఫ్యాన్ ఆపి చెమటలో ఉడికింది నేను, శిక్ష తీగకు.

రాత్రి తొమ్మిదింటికి టేకు 43 పెట్టాను. అందులో ఎఫ్ టప్‌మంది. ఇంకేం చెయ్యను, పొద్దున్నే మిల్లుకు పోవాలి. మంగళవారానికి పదకొండు మంది చూశారు. ఆ పదకొండులో నాలుగు నావే. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద నీడ పొద్దంతా కదలదంటారు. గుడి కట్టినవాళ్ళ తెలివికి ఇప్పటికీ జనం వెళ్ళి నోరు తెరుచుకుని చూస్తారు. నా పదకొండు కూడా ఆ రోజంతా కదల్లేదు, చూసేవాడు లేడు. ఒక్క కామెంటు వచ్చింది: "ఫ్యాన్ ఏ కంపెనీ బ్రో?" ఆపి ఉంచడం వల్ల రెక్కలు స్పష్టంగా కనపడ్డాయి మరి.

మా బావ ఫోన్ చేసి నవ్వాడు. "ఏందయ్యా, ఈ వయసుల సెలబ్రిటీ అయితవా?" అన్నాడు. మా మేనల్లుడిది ఇంకో బాధ. దక్షిణ కొరియా కుర్రాడు జియాంగ్ హ్యూన్ లిమ్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని తన గదిలో కూర్చుని వాయించిన వీడియో 2005లో యూట్యూబ్‌లోకి ఎక్కి కోట్ల మంది చూశారని, నేను కూడా టోపీ పెట్టుకోవాలని వాడి సలహా. వాడికి తెలియనిది ఒకటుంది. దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది లిమ్ కాదు, ఇంకెవరో. అతను పెట్టింది తమ దేశంలోని ఒక సంగీతం సైటులో, తనలాంటి వాళ్ళు చూస్తారని.

పేరు కోసం అయితే ఇంతకన్నా తేలిక పనులు చాలా ఉన్నాయి బావా. పెళ్ళి బరాత్‌లో నాలుగు స్టెప్పులు వేస్తే చాలు, రెండు వీధులకు పేరొస్తుంది. ఏడేళ్ళలో నాకు పంతొమ్మిది పాటలు వచ్చాయి, పంతొమ్మిదీ సగమే. ఇంట్లో ఒక్కడినే వాయించుకుంటుంటే కష్టమైన చోటు రాగానే ఇంకో పాటలోకి జారుకుంటాం, అడిగేవాడు ఎవడు? పదిమందిలో పెట్టాలి అనుకున్నప్పుడే మొదటిసారి ఒక పాట చివరిదాకా నేర్చుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. వాయిస్తున్నప్పుడు చెవికి వినపడేది మనం వాయించాలనుకున్నది. అసలు వాయించింది ఏమిటో ఈ ఎర్రోడు చెప్పేదాకా తెలియదు. నా ఎఫ్‌లో రెండో తీగ ఏడేళ్ళుగా చచ్చిపడి ఉందని నాకు చెప్పింది వీడే. అద్దంలా మొహం మీదే చెబుతాడు, వెధవ.

అయినా గిటారు పట్టుకుని నేను ఎక్కడికి పోను? మన పాలమూరు వైపు దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని ఊరూరు తిరిగి వాయించారు. సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, ఎదురుగా కూర్చుని వినే జనం. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెరకు కథ ఉంది, కథ కోసం ఎదురుచూసే ఊరుంది. నేను గిటారు తగిలించుకుని ప్రకాశం బజార్‌లో నిలబడితే ఏదో షాపు ఓపెనింగ్ ఉందనుకుంటారు. హైదరాబాద్ వంద కిలోమీటర్లు, అక్కడ నలుగురు కూడి వాయించుకుంటారట. ఆదివారం బస్సులో గిటారుతో సహా నిలబడి పోయి రావడం నావల్ల కాదు. అందుకే నిన్ను నొక్కుతున్నాను రా. నీ మీద ప్రేమతో కాదు.

ఈ ఉత్తరం ఇక్కడితో ముగించి, గిటారు సంచీలో పెట్టి, జిప్పు లాగి, అటక మీద పెడతానని రాద్దామనుకున్నాను. బుధవారం మిల్లులో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. రెండో కామెంటు.

"ముప్పై ఎనిమిదో సెకను దగ్గర ఎఫ్‌లో రెండో తీగ మోగలేదన్నా."

ఒళ్ళు మండిపోయింది. టీ చేతిలోనే ఉంది, మళ్ళీ చదివాను. రెండో తీగ అన్నాడు. తీగల లెక్క తెలిసిన మనిషి, ముప్పై ఎనిమిదో సెకను దాకా విన్న మనిషి! ఎవడ్రా వీడు అని పేరు మీద నొక్కాను. ఊరు దేవరకొండ అని ఉంది. ఉన్నది ఒకే వీడియో. సెల్‌ఫోన్ రిపేరు షాపు, షట్టర్ సగానికి దించి ఉంది, వెనక వరుసగా ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. నడుం నుంచి మోకాళ్ళ దాకానే కనపడుతోంది, మొహం ఫ్రేములో లేదు. చూసినవాళ్ళు ఏడుగురు, నాతో ఎనిమిది. వీడికి కూడా ఎఫ్ ఉంది. రెండో తీగ శుభ్రంగా మోగింది, మొదటిది టప్‌మంది.

"సూపర్ బ్రో" అని కొట్టి, చెరిపేసి, "ఎఫ్‌లో మొదటి తీగ చూసుకో తమ్ముడూ" అని పెట్టాను.

నిమిషం కాకముందే జవాబు వచ్చింది: "టేకు 26లో మోగిందన్నా. అప్పుడే కస్టమర్ వచ్చిండు."

కాబట్టి ఎర్ర బటన్ గారూ, ఆదివారం రెండింటికి మళ్ళీ కలుద్దాం. ఫోన్‌లో అరవై జీబీ ఖాళీ చేసి పెట్టాను. పెళ్ళి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నాలుక లోపల పెట్టుకుని వాయించడం నేర్చుకుంటున్న
నల్లగొండ వాసి

తా.క.: ఫ్యాన్ గురించి అడిగిన తమ్ముడికి, అది మా నాన్న కొన్నది. కంపెనీ పేరు చెరిగిపోయింది. తిరిగితే చప్పుడు చేస్తుంది.