వీధి గుమ్మం లేని సహనం

మన భాషకి నిజాయితీ ఎక్కువ. 'పరమత సహనం' అని పేరు పెట్టుకుంది. పంటి నొప్పిని సహిస్తాం, పై పోర్షన్ పిల్లాడి డ్రమ్ముల్ని సహిస్తాం, పక్కవాడి దేవుణ్ణీ అలాగే సహిస్తాం. స్కూల్లో ఈ అంశం మీద వ్యాసరచన పోటీలో నాకు రెండో బహుమతిగా స్టీలు గ్లాసు వచ్చింది కాబట్టి, ఈ విషయంలో నా మాటకి కొంత బరువుందని మనవి.

యూరప్ వాళ్లకి, తర్కమే వెలుగని నమ్మిన జ్ఞానోదయ యుగం అని ఒకటుంది. ఆ ఎండ అందరి మీదా ఒక్కసారే పడితే వడదెబ్బ తగులుతుందేమోనని అక్కడి పాలకులు కిటికీ కొంచెం కొంచెంగా తీశారు. వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు ఆస్ట్రియాని ఏలిన రెండో జోసెఫ్ చక్రవర్తి. 1781 అక్టోబరులో ఆయన సహన శాసనం జారీ చేశాడు. రాజ్యం మతం కేథలిక్; ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లయిన లూథరన్లు, కాల్వినిస్టులు, అలాగే ఆర్థడాక్స్ క్రైస్తవులు ఇక నిర్భయంగా ప్రార్థన చేసుకోవచ్చు. కాకపోతే చిన్న చిన్న షరతులు. వంద కుటుంబాలుంటేనే మందిరం కట్టుకోవాలి. దానికి శిఖరం ఉండకూడదు. గంట ఉండకూడదు. వీధి వైపు గుమ్మం అసలే ఉండకూడదు.

టులెట్ బోర్డు చూసి గేటు తట్టిన అనుభవం ఉన్నవాళ్లు ఈ గొంతు ఇట్టే గుర్తుపడతారు. "మాకేం అభ్యంతరం లేదండీ, వెనక మెట్ల మీంచి వస్తే చాలు."

దేవుణ్ణి దొడ్డిదారిన రమ్మంటారా అని కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. సర్వాంతర్యామి అని ఒప్పుకున్నాక వాస్తు అడక్కూడదు. మరి కేథలిక్ చర్చికి గంటా, గుమ్మం రెండూ ఎందుకున్నాయని అడుగుతారా? అలా అడిగేవాళ్లకి పనీపాటా ఉండదు.

కేథలిక్కులు ఎవరైనా ప్రొటెస్టెంట్లలోకి మారతామంటే, ముందు ఆరు వారాలు కేథలిక్ ఫాదర్ దగ్గర పాఠాలు వినాలని తర్వాత ఇంకో నిబంధన పెట్టారు. సిమ్ పోర్ట్ చేసుకుంటామనగానే పాత కంపెనీ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేసి ఆఫర్లు చెబుతారే, సరిగ్గా అదే.

ఇంగ్లండు ఇంకా ముందుంది. 1689లోనే సహన చట్టం తెచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ చర్చితో పొసగని ప్రొటెస్టెంట్ల మందిరానికి తలుపు ఉండొచ్చు, లోపల ప్రార్థన జరుగుతుంటే గడియ మాత్రం పెట్టకూడదు. ఇంగ్లండు చర్చికి కట్టే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఎలాగూ కట్టాల్సిందే. ఎక్కడ భోంచేసినా బిల్లు మా హోటల్లోనే. అదే ఏడాది సహనం మీద ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ లేఖ అచ్చయింది. దండంతో నమ్మకం పుట్టించలేరన్న ఆయన వాదన చాలా గొప్పది, ఇది వెటకారం కాదు. ఆ లేఖలోనే, నాస్తికుల్ని మాత్రం సహించనక్కర్లేదన్నాడు. వాళ్ల ప్రమాణాలు నమ్మలేమట. దేవుడి మీద ఒట్టేసి మాట తప్పిన ఆస్తికులు ఆయనకి తారసపడలేదు కాబోలు. పాపం, ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కుని రాశాడు, బయట తిరగడం తక్కువ.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి రాజు ఫ్రెడరిక్ 1740లో, ఎవరి దారిన వాళ్లు మోక్షానికి పోవచ్చన్నాడు. 1769లో, యూదులు ప్రభుత్వ అనుమతులు కావాలంటే రాజుగారి ఫ్యాక్టరీ పింగాణీ కొనాలన్నాడు. రేషన్ షాపులో చక్కెరకి సబ్బు అంటగట్టినట్టు.

మళ్లీ జోసెఫ్ గారి రాజధాని వియన్నాకే వస్తాను, నా ధ్యాసంతా ఆ గుమ్మం మీదే ఉంది. అక్కడ డొరొతీర్‌గాసె అనే వీధిలో కాల్వినిస్టులు 1784లో శాసనాన్ని తు.చ. తప్పకుండా పాటించి మందిరం కట్టుకున్నారు. దాని వీపు వీధికి, ముఖం పెరటికి. వీధి వైపు తలుపు, పైన చిన్న శిఖరం పెట్టుకునేసరికి 1887 వచ్చింది. తీరా చూస్తే ప్రార్థన వేదిక ఉన్నది ఆ వీధి గోడ దగ్గరే! లోపల మొత్తం తిప్పేశారు. వేదిక ఉన్నచోటికి గుమ్మం, గుమ్మం ఉన్న వైపుకి వేదిక. తాతలు ఏ గోడకేసి చూసి ప్రార్థించారో, మనవలు ఆ గోడలోంచే లోపలికి నడిచొచ్చారు.