కట్టాక మొదలయ్యే ఖర్చు

బీచ్‌రోడ్డులో పాతబడిన ఇనుప రెయిలింగును గోటితో గీరి చూడండి. పెయింటు కింద నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. విశాఖ ఉప్పుగాలి కాంక్రీటునూ వదలదు. లోపలికి దిగిన ఉప్పు ఊచను తింటుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, శ్లాబు పెచ్చు ఊడుతుంది. పాత డాబా ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. వంతెనకూ ఇదే జబ్బు, కాకపోతే బిల్లు పెద్దది.

ఆ బిల్లు ఇప్పుడు ధనిక దేశాల గుమ్మంలో అప్పులవాడిలా కూర్చుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గబగబా కట్టిన వంతెనలు, సొరంగాలు, మురుగు పైపులు ఒకే ఈడువి, ముసలితనమూ ఒకేసారి వచ్చింది. ఇటలీలో 1967లో తెరిచిన జెనోవా వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది చనిపోయారు. జపాన్‌లో 2012లో ససాగో సొరంగం పైకప్పు పలకలు ఊడిపడి 9 మంది పోయాక, వంతెనలనూ సొరంగాలనూ ఐదేళ్లకోసారి దగ్గరికెళ్లి పరీక్షించాలని నిబంధన పెట్టారు. అక్కడ జనాభా తగ్గుతోంది, పన్ను కట్టేవాళ్లూ తగ్గుతున్నారు. అందుకే వాడకం లేని చిన్న వంతెనల్ని బాగుచేసే బదులు కొన్ని ఊళ్లు తీసేస్తున్నాయి. అందులో చిన్నతనమేమీ లేదు. మోయలేని బరువు దించుకోవడం లెక్క తెలిసినవాళ్ల పని.

మన ఓడరేవు 1933 నాటిది. 1992లో జాతికి అంకితమైన స్టీల్‌ప్లాంటుకూ మూడు పదులు దాటాయి. వాటిని నమ్ముకుని పెరిగిన కాలనీల కల్వర్టులు, పైపులైన్లు ఇంకా కుర్రవేమీ కావు. 2014 హుద్‌హుద్ తుపాను దెబ్బకు కరెంటు తీగల్ని భూమిలోకి దించడం మొదలుపెట్టారు. మంచి పనే, కానీ కేబుల్ పాడైతే స్తంభమెక్కితే సరిపోదు, రోడ్డు తవ్వాలి.

చిక్కంతా పద్దుల్లో ఉంది. కొత్త ఫ్లైఓవరుకు అప్పు పుడుతుంది, గ్రాంటు వస్తుంది, శిలాఫలకం మీద పేరూ పడుతుంది. కాలువ పూడికతీతకూ, వంతెన బేరింగులకూ (స్తంభానికీ పైభాగానికీ మధ్య బరువు మోసే దిమ్మెలు) మాత్రం జీతాలు పోగా మిగిలిన దాంట్లోంచే వెతుక్కోవాలి. (బేరింగు మార్చినందుకు రిబ్బను కత్తిరించిన మంత్రిని మేమింతవరకు చూడలేదు.)

మెట్రో అయినా, ఫ్లైఓవరైనా, డీపీఆర్‌లో, అంటే పూర్తి ప్రాజెక్టు నివేదికలో, కట్టుబడి ఖర్చు పక్కనే యాభై ఏళ్ల నిర్వహణ ఖర్చు ఎంతో, ఏ పద్దు నుంచి తెస్తారో రాయాలి. నగరంలోని ప్రతి వంతెన, కల్వర్టు వయసునూ, చివరిసారి పరీక్షించిన తేదీనీ వార్డులవారీగా జనం ముందు పెట్టాలి. ఆస్తిపన్ను పెంచుతామంటే గొడవ అవుతుంది, అవ్వాలి కూడా. ఆ డబ్బు ఏ కల్వర్టుకు పోయిందో చూపిస్తే గొడవ కొంత తగ్గుతుంది. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పాత కల్వర్టులతో వచ్చే వానాకాలంలోపే ఈ పని మొదలుపెట్టొచ్చు.