యోగా టీచర్ అనగానే మీకంత నవ్వు ఎందుకొస్తుంది?

ఇప్పుడే టీవీ కట్టేసి, తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగి రాస్తే సగం మాటలు మింగేస్తానని తెలుసు, అందుకే ఆగడం లేదు.

ఆదివారం కదా అని భోజనాలయ్యాక అందరం హాల్లో చేరి, ఈమధ్యే ఓటీటీలోకి వచ్చిన ఒక తెలుగు సినిమా పెట్టుకున్నాం. దాని పేరు రాయను. నా వల్ల ఇంకో పది మంది దాన్ని వెతుక్కుని చూడటం నాకిష్టం లేదు. అందులో ఒక యోగా టీచర్ ఉంది. కాసేపే కనిపిస్తుంది. ఉన్నంతసేపూ తన పని గురించి ఒక్క మాట మాట్లాడదు. కెమెరా మాత్రం ఆమె ఒంటి మీద నుంచి దిగదు. హీరో స్నేహితుడు వెనక వరసలో చాప వేసుకుని, నడుం పట్టేసిందని మూలుగుతాడు. ఆమె వెళ్లి సరిచేస్తుంది. అక్కడి నుంచి అన్నీ రెండర్థాల మాటలే. మా హాలంతా నవ్వింది. మా మరిది నా వైపు తిరిగి, "వదినా, నీ బ్యాచ్‌లో నాక్కూడా ఒక చాప ఉంచు" అన్నాడు. మళ్లీ నవ్వులు. పక్కన మా అత్తగారు, ఎదురుగా ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. మా ఆయన కూడా నవ్వారు.

నేను లేచి రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాను. "ఇంత చిన్నదానికా?" అన్నారు. అవును, ఇంత చిన్నదానికే.

నేను యోగా టీచర్ అవ్వాలనుకుంటున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఆయుష్ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షకి తయారవుతున్నాను. మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, 200 గంటల సిలబస్. ఆ పైది వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, 400 గంటలు. థియరీ ఉంటుంది, ప్రాక్టికల్ ఉంటుంది. ఆసనం నువ్వు వేసి చూపిస్తే చాలదు, ఎదుటివాళ్ల చేత ఎలా వేయిస్తావో కూడా చూపించాలి. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలు, హఠయోగంలో ఒంటిని లోపల శుభ్రం చేసే ఆరు క్రియలైన షట్కర్మలు, వెన్నెముక ఎలా ఉంటుంది, ఊపిరి పీల్చినప్పుడు పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న కండరం ఎలా కదులుతుంది, ఇవన్నీ చదవాలి. నేను పొద్దున్నే వంట మొదలుపెట్టక ముందు లేచి చదువుతున్నది ఇదే.

ఆ సినిమాలో చూపించినట్టు నడుం పట్టేసినవాడి దగ్గరికి వెళ్లి టీచర్ టక్కున చెయ్యి వేసేయదు. ముందు నోటితో చెబుతుంది. కుదరకపోతే తను వేసి చూపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే, ముట్టుకోవచ్చా అని అడిగి అప్పుడు సరిచేస్తుంది. అంతకన్నా ముందు, క్లాసులో కూర్చోబెట్టేటప్పుడే ప్రతి మనిషినీ అడుగుతుంది. బీపీ ఉందా? ఆపరేషన్ ఏమైనా అయిందా? నెల తప్పారా? తల తిరుగుతుందా? బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ల చేత కపాలభాతి చేయించకూడదు. హెర్నియా ఉన్నవాళ్లని భుజంగాసనం వేయమనకూడదు. మోకాళ్లు బాగా నొప్పిగా ఉన్నవాళ్లని వజ్రాసనంలో కూర్చోబెట్టకూడదు. జలుబు, దగ్గు ఉన్న మనిషికి నాలుక మడిచి చల్లగాలి పీల్చే శీతలి ప్రాణాయామం వద్దు. మెడ ఎముకలు అరిగినవాళ్లని, భుజాల మీద బరువు మోపి కాళ్లు పైకెత్తే సర్వాంగాసనంలోకి ఎక్కిస్తే ఏమవుతుందో ఆ మరిది గారికి తెలుసా? ఆ సీను రాసినాయనకి తెలుసా? ఎదురుగా ఉన్న ఇంతమంది ఒళ్లు మన మాట మీద వంగుతున్నాయంటే, ఒక్క తప్పు మాటకి ఒకరి నడుం పోతుందని భయపడుతూ చేసే పని అది. దాన్ని తీసుకెళ్లి వేళాకోళం చేశారు.

పోలీసు పాత్ర రాసేటప్పుడు స్టేషన్‌కి వెళ్లి తెలుసుకుంటారు. లాయర్ పాత్ర అయితే కోర్టుకి వెళ్లి కూర్చుంటారు. యోగా టీచర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్లాసులో కూర్చుని చూద్దామని ఎవరికీ తోచదు. నర్సు అన్నా అంతే, ఎయిర్ హోస్టెస్ అన్నా అంతే, ట్యూషన్ టీచర్ అన్నా అంతే. ఆడది చేసే పనిలో ఒళ్లు కొంచెం కదిలితే చాలు, మనవాళ్లకి ఇంక ఆ పని కనిపించదు.

పైగా థియేటర్ అయితే వేరు. అక్కడ చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనపడదు, ఎవరు ఎందుకు నవ్వారో తెలీదు. ఇంట్లో లైటు వెలుగుతుంటుంది. నా వాళ్లు ఏ మాటకి నవ్వారో నేను చూశాను. మా అమ్మాయి కూడా చూసింది. రేపు అది నాతో పాటు చాప మీద కూర్చోవడానికి సిగ్గుపడితే ఆ తప్పు ఎవరిది?

ఇంట్లో సినిమా అంటే గుర్తొచ్చింది. ఈ ఇంట్లో నేను ఒక సినిమాని మొదటి నుంచి చివరి దాకా లేవకుండా చూసి ఎంత కాలమైందో నాకే తెలీదు. అందరూ సోఫాలో సర్దుకునే టైముకి నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటాను. వచ్చేసరికి హీరో పెద్దవాడైపోయి ఉంటాడు. కథ ఏంటని అడిగితే "తర్వాత చెప్తాలే" అంటారు. మధ్యలో ఒకరికి నీళ్లు, ఒకరికి టీ, అత్తగారికి మాత్రలు. వాళ్లలో ఎవరైనా ఫోనొచ్చి లేస్తే సినిమా ఆపుతారు. నేను లేస్తే ఎందుకు ఆపరు? చదువుతున్న మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే జరుగుతుందని నాకు తెలుసు.

నేను అడిగి మరీ పెట్టించుకున్న సినిమా ఒకటుంది. 2024లో వచ్చిన '35, చిన్న కథ కాదు'. నివేదా థామస్ చేసింది. తిరుపతిలో ఉండే ఒక మామూలు ఇల్లాలి కథ. పదో తరగతి తప్పిన మనిషి. కొడుక్కి లెక్కలు రావు, సున్నా విలువ ఏంటో వాడి బుర్రకెక్కదు, క్లాసులో వాణ్ని సున్నా అనే పిలుస్తారు. ఆ తల్లి వాడి కోసం లెక్కల పుస్తకం పట్టుకుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఒక పక్క పొయ్యి, ఒక పక్క పుస్తకం. నాకు చూస్తుంటే గొంతు పట్టేసింది. అన్నేళ్ల తర్వాత పుస్తకం తెరిస్తే అక్షరాలు ఎంత కొత్తగా కనిపిస్తాయో నాకు తెలుసు కాబట్టి. వెన్నెముకలో ఏ భాగానికి ఎన్ని ఎముకలో బట్టీ పడుతుంటే రాత్రికి గుర్తుండి పొద్దున్నకి పోతాయి నాకు. సరిగ్గా ఆమె చదువుకోవడం మొదలుపెట్టిన చోట మా ఆయన, "స్లోగా ఉంది, రేపు చూద్దాంలే" అని క్రికెట్ పెట్టారు. ఆ రేపు రానే లేదు. మర్నాడు మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే కూర్చుని మిగతాది చూశాను. తిరుమల కొండ కింద ఉండే ఆ చిన్న ఇంట్లో భార్యాభర్తల మధ్య ఎంత ప్రేమ ఉన్నా, ఆమె చదువు మాట వచ్చేసరికి గొడవ ఎందుకవుతుందో మా వాళ్లు కూడా చూడాల్సింది.

'మిసెస్' సంగతి ఇంకా దారుణం. 2021లో మలయాళంలో వచ్చిన 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్'ని హిందీలో మళ్లీ తీశారు, 2025లో జీ5లో వచ్చింది, సాన్యా మల్హోత్రా చేసింది. మలయాళం సినిమాలో అయినా, దీంట్లో అయినా ఆ అమ్మాయి చివరికి డాన్స్ నేర్పించే టీచర్ అవుతుంది. నాకు ఆ ముగింపు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. మా అత్తగారు చూసి, "చివరికి మొగుణ్ని వదిలేసి గంతులేసుకుంది" అన్నారు. అంతసేపు సినిమా చూసి, ఆ వంటింటి సింకు కింద కారే మురికి నీళ్లు చూసి, ఆ పిల్ల మొహం చూసి, ఆవిడకి అర్థమైంది అది. ఆవిడ కూడా ఒకప్పుడు కోడలే కదా!

ఇంకో మాట. యోగాలో ఆడవాళ్లని చులకన చేయడం ఇవాళ మొదలైంది కాదు. ఇంద్రాదేవి అని ఒకావిడ ఉండేది. ఇప్పటి లాట్వియా దేశంలోని రీగాలో 1899లో పుట్టింది, అసలు పేరు యూజిని. మన దేశం మీద ఇష్టంతో ఇక్కడికి వచ్చి 1930లో ఒక మూకీ సినిమాలో కూడా నటించింది. తర్వాత మైసూరులో పేరున్న యోగా గురువు కృష్ణమాచార్య దగ్గరికి యోగా నేర్చుకోవడానికి వెళ్తే ఆయన మొదట కుదరదన్నారు. మహారాజు చెబితేనే ఒప్పుకున్నారు. కఠినమైన నియమాలు పెట్టారు, ఆమె అన్నీ పాటించింది. చివరికి నువ్వు వెళ్లి నేర్పించు అని ఆయనే చెప్పారు. అప్పటికి ఆమెకి నలభై దగ్గర పడ్డాయి. ఆ తర్వాత షాంఘైలో నేర్పింది, 1940లలో హాలీవుడ్‌లో స్టూడియో పెట్టి పెద్ద పెద్ద నటీమణులకి నేర్పింది. 2002లో, నూరేళ్లు దాటాక పోయింది. నలభై దాటాక నీకెందుకమ్మా ఇవన్నీ అనే ప్రతి ఒక్కరికీ నేను ఈవిడ కథే చెబుతాను. సినిమాల్లో వేషాలు వేసి, అవన్నీ వదిలేసి టీచర్ అయిన మనిషి ఆమె. మన సినిమావాళ్లకి ఇంతకన్నా మంచి కథ ఇంకేం కావాలి? ఈమె మీద ఒక సినిమా తీయరు, నడుం పట్టేసినవాడి సీను మాత్రం తీస్తారు.

2025 జూన్ 21న మా విశాఖలో ఏం జరిగిందో మీ అందరికీ గుర్తుంది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలే చాపలు. ప్రధానమంత్రి వచ్చారు. 3 లక్షల మందికి పైగా ఒక్క చోట ఆసనాలు వేశారని రికార్డు. అందరూ ఒకే వరసలో చేసే 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్, 'సంగచ్ఛధ్వం' ప్రార్థన, తాడాసనం, వృక్షాసనం, అలా శవాసనం దాకా. మా ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా మరిది ఆ రోజు ఇచ్చిన టీషర్టు వేసుకుని ఫోటో పెట్టాడు, ఇప్పటికీ అది వాడి ప్రొఫైల్‌లో ఉంది. ఊరంతా గర్వపడింది. మరి ఆ 3 లక్షల మందికి నెల రోజుల ముందు నుంచీ వార్డుల్లో, స్కూళ్లలో నేర్పించింది ఎవరు? టీచర్లే. మా వార్డులో నేర్పిన ఆవిడ పొద్దున్నే స్కూటీ మీద వచ్చేది, గొంతు పోయినా చెప్పేది. నాకు ఈ ఆలోచన పుట్టిందే ఆవిడని చూసి. బీచ్‌లో చాప మీద కూర్చుంటే గొప్ప, దాన్నే బతుకుతెరువు చేసుకుంటానంటే నవ్వులాట!

అసలు నా కడుపు మంట ఇంకా వెనకటిది. పెళ్లయిన కొత్తలో బీఎడ్ చేస్తానన్నాను. పిల్లలు పుట్టాక చూద్దాం అన్నారు. పిల్లలు పుట్టాక, పిల్లలు పెద్దయ్యాక చూద్దాం అన్నారు. ఈలోగా మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి చెప్పాను. ఒక్కరు ఒక్క రూపాయి ఇవ్వలేదు. అడగబోతే మా ఇంట్లోవాళ్లే, "తెలిసినవాళ్ల దగ్గర డబ్బులేంటి, పరువు పోతుంది" అన్నారు. అదే పిల్లల్ని తర్వాత కోచింగ్‌కి పంపి, వాళ్ల అమ్మానాన్నలు అప్పు చేసి మరీ ఫీజులు కట్టారు. నా దగ్గర నేర్చుకున్న కూడికలు, భిన్నాలు లెక్కలోకి రాలేదు. ఒక పిల్లాడికి మంచి ర్యాంకు వచ్చినప్పుడు వాళ్లింట్లో స్వీట్లు పంచారు. మా ఇంటికి డబ్బా వచ్చింది, నాకు కృతజ్ఞతగా కాదు, అందరికీ పంచినట్టే.

ఇప్పుడు యోగా విషయంలో అదే మొదలైంది. నేను ఇంకా పరీక్షే రాయలేదు, మా అసోసియేషన్‌వాళ్లు అప్పుడే అడుగుతున్నారు, "మేడమ్, టెర్రస్ మీద మన ఆడవాళ్లకి ఫ్రీగా చెప్పేయండి, మీకు కూడా టైంపాస్ అవుతుంది" అని. ఆ మాటకి మా ఆయన నన్ను అడగకుండా సరే అనేశారు. టైంపాస్! కోర్సు ఫీజు నేను కట్టుకున్నాను, మా అమ్మ ఇచ్చిన గొలుసు తాకట్టు పెట్టి. లిఫ్టు బాగుచేసేవాడికి డబ్బిస్తారు, వాచ్‌మన్‌కి డబ్బిస్తారు, మొక్కలకి నీళ్లు పోసేవాడికి కూడా ఇస్తారు. వీళ్లలో ఎవరినైనా టైంపాస్‌కి చేయమని అడిగారా?

కాబట్టి మా అపార్ట్‌మెంట్‌వాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కనుక సూటిగా రాస్తున్నాను. పరీక్ష పాసయ్యాక టెర్రస్ మీద క్లాసు పెడతాను. పొద్దున ఆడవాళ్లకి ఒక బ్యాచ్, సాయంత్రం అరవై దాటినవాళ్లకి కుర్చీలో కూర్చుని చేసే బ్యాచ్. నెల ఫీజు ఉంటుంది. నెల మొదట్లోనే కట్టాలి. రెండో అంతస్తులో ఉండే పనమ్మాయికి నడుం నొప్పి, ఆమెకి ఊరికే చెబుతాను. కింద కొట్టు నడిపే ముసలావిడకి కూడా ఊరికే చెబుతాను. అది నేను అనుకుని చేసే పని. నా తరఫున ఇంకెవరూ ఫ్రీ అని మాటివ్వొద్దు, మా ఆయనైనా సరే. ఆయనకి ఆ మాట ఇప్పుడే తలుపు తీసి చెప్పబోతున్నాను.